పొగమంచులో రేవు: మోనే ‘సూర్యోదయం’ వేస్తూ కుంచె పని నేర్చుకోవడం

ఇంప్రెషనిస్టు బొమ్మ, అంటే ఆ క్షణాన కంటికి తట్టిన వెలుతురును వేగంగా పట్టుకునే బొమ్మ, వేద్దామని కూర్చోగానే చాలామంది రంగు ట్యూబుల మీద పడతారు. కాన్వాస్ నిండా ముద్దలు ముద్దలుగా రంగు పెట్టి, ఎక్కడ తడిమినా గరుగ్గా తగిలితే అదే ఆ శైలి అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే వేశాను. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవును చూసి వేసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ బొమ్మను పెద్దది చేసుకుని అంగుళం అంగుళం చూశాకే తెలిసింది, అసలు సంగతి దాదాపు తలకిందులని. ఆ బొమ్మలో ఎక్కువ భాగం పలచన. కొన్నిచోట్ల అడుగున ఉన్న కాన్వాస్ తొంగిచూసేంత పలచన. చిక్కటి రంగు పడింది కొద్ది చోట్లే. ఆ కొద్ది చోట్లకు అంత బలం వచ్చింది చుట్టూ ఉన్న పలచదనం వల్లే.

ఇది చదివితే అర్థమవుతుంది గానీ చేతికి ఎక్కదు. చేతికి ఎక్కాలంటే ఆ బొమ్మను ఒకసారి మనమే వేసి చూడాలి. ఆయిల్ రంగులు కొంచెం అలవాటున్న ఎవరైనా ఒక ఆదివారంలో వేయగలరు. నేను వేసిన క్రమాన్ని, చేసిన తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు బొమ్మ ముందు కూర్చోండి

అసలు బొమ్మ పారిస్‌లోని మార్మొత్తాన్ మోనే మ్యూజియంలో ఉంది. పారిస్ వెళ్లిన మనవాళ్లు చాలామంది దీన్ని ఓర్సే మ్యూజియంలో వెతుకుతారు, అక్కడ దొరకదు. మార్మొత్తాన్‌కు వెళ్లే అవకాశం ఉంటే బొమ్మకు ఎదురుగా ఎంతసేపు నిలబడతారో, పక్కకు జరిగి ఏటవాలుగా అంతసేపు చూడండి. గదిలో వెలుతురు పక్కనుంచి పడినప్పుడు చిక్కటి రంగు ఎక్కడుందో, ఎక్కడ లేదో స్పష్టంగా తెలుస్తుంది. వెళ్లలేనివాళ్లకు పెద్ద రిజల్యూషన్ ఫొటో చాలు. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ తెర మీద చూడండి.

కొలత 48 సెంటీమీటర్లు ఎత్తు, 63 సెంటీమీటర్లు వెడల్పు. ఇది గుర్తుంచుకోవాలి. పుస్తకాల్లో చూసి ఇదేదో గోడంత బొమ్మ అనుకుంటాం. నిజానికి చేతుల్లో పట్టుకుని తిరగగలిగినంతే. కాబట్టి ఒక్కో స్ట్రోక్ (కుంచె ఒక్కసారి ఆనించి వేసే జాడ) మనం ఊహించుకున్నదాని కన్నా చిన్నది, వేళ్లూ మణికట్టూ కలిసి వేసేది.

మోనే దీన్ని రేవుకు ఎదురుగా ఉన్న హోటల్ గది కిటికీలోంచి చూసి వేశాడు. అమెరికాలో డొనాల్డ్ ఓల్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి ఎత్తు, ఆటుపోట్లు, అప్పటి వాతావరణ వివరాలు, బొమ్మలో పొగ వాలిన దిక్కు అన్నీ కలిపి లెక్క వేసి, ఇది 1872 నవంబర్ 13 ఉదయం 7 గంటల 35 నిమిషాల ప్రాంతంలో కనబడిన దృశ్యమని తేల్చారు. పొద్దు పొడిచి అరగంట కూడా కాలేదన్నమాట. నవంబర్ మంచు, ఓడల పొగ, నీటి మీది ఆవిరి అన్నీ కలిసిన గాలి అది. అంత గాలిని రంగుతో చూపించాలంటే రంగు కూడా గాలిలాగే ఉండాలి.

ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. వివరాలన్నీ పోయి మూడే మిగులుతాయి: నీలం కలిసిన బూడిదరంగు పరదా ఒకటి, ముందు భాగంలో నల్లటి పడవ, నారింజ రంగు బిళ్ల. దూరంగా ఉన్న ఓడలు, తెరచాప కొయ్యలు, క్రేన్లు, పొగగొట్టాలు పరదా వెనక నీడల్లా ఉంటాయి. పడవలు మూడు. పెద్దది మధ్యకు దగ్గర్లో, కాస్త ఎడమగా. రెండోది దానికి ఎడమవైపు, పైగా. మూడోది ఇంకా దూరంగా, ఉందా లేదా అన్నట్టు. ఈ మూడూ ఏటవాలు వరసలో దూరమయ్యేకొద్దీ వెలిసిపోతూ పోతాయి. బొమ్మలో లోతంతా ఈ వరసే చూపిస్తుంది.

ఒక కాగితం మీద పెన్సిల్‌తో ఈ రేవు పటం గీసుకుని, ఏ భాగంలో స్ట్రోక్ ఏ దిక్కున నడిచిందో బాణాలు వేసుకోండి. ఆకాశంలో ఏటవాలుగా, వదులుగా. ఓడల దగ్గర నిలువుగా. నీటిలో అడ్డంగా. నాకు ఈ పటం రంగు పెట్టెకన్నా ఎక్కువ ఉపయోగపడింది.

సరంజామా

పన్నెండు అంగుళాలు బై పదహారు అంగుళాల బోర్డు తీసుకోండి. అసలు బొమ్మ నిష్పత్తికి ఇది చాలా దగ్గర. ధైర్యం ఉంటే పద్దెనిమిది బై ఇరవై నాలుగు తీసుకోండి, అది దాదాపు అసలు కొలతే.

మన దుకాణాల్లో దొరికే చవక కాన్వాస్ బోర్డుల నేత ముతకగా, యంత్రంతో అచ్చొత్తినట్టు ఒకేలా ఉంటుంది. పలచగా రంగు వేసినప్పుడు ఆ గళ్లే ముందు కనబడి పొగమంచును పాడుచేస్తాయి. అందుకని జెస్సో (రంగుకు ముందు అడుగున పూసే తెల్లటి పూత) రెండు పూతలు వేసి, ఆరాక 220 నంబరు ఎమెరీ పేపరుతో మెల్లగా రుద్దండి. మరీ అద్దంలా చేయకండి. కుంచెకు కాస్త పట్టు దొరకాలి.

రంగులు ఎక్కువ అక్కర్లేదు. టైటానియం వైట్, అల్ట్రామరైన్ (ముదురు నీలం), కోబాల్ట్ బ్లూ, విరిడియన్ (నీలం కలిసిన ఆకుపచ్చ), లెమన్ ఎల్లో, వెర్మిలియన్ హ్యూ (నారింజ కలిసిన ఎరుపు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). నలుపు ట్యూబు పెట్టెలోంచి తీసి పక్కన పెట్టేయండి. ఈ బొమ్మలోని ముదురంతా నీలం, ఆకుపచ్చ, ఎరుపు కలిపి తెచ్చుకోవచ్చు. తరువాతి రోజుల్లో మోనే తన ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) గురించి చెప్పినప్పుడు కూడా ఇలా గుప్పెడు రంగుల పేర్లే చెప్పాడు. అందులో తెలుపు సీసం తెలుపు. అది కుంచె జాడను బాగా నిలుపుకునేది, కానీ విషం, ఇంట్లో వద్దు. మన టైటానియం వైట్ చాలా బలమైనది. కొంచెం ఎక్కువైనా రంగంతా సున్నం కలిపినట్టు అయిపోతుంది. సగం వేసి చూసి, చాలకపోతే మళ్లీ వేయండి.

కుంచెల్లో పంది వెంట్రుకలవి, చదునువి మూడు: 4, 6, 10 నంబర్లు. ఒక గుండ్రటి 2 నంబరు. చదును కుంచె తప్పనిసరి. పంతొమ్మిదో శతాబ్దంలో రేకు పట్టీతో కుంచెలు చేయడం వచ్చాకే వెంట్రుకలను చదునుగా బిగించడం కుదిరింది. ఒక్క అదుముతో పలకలాంటి మచ్చ పడడం ఆ కుంచె పుణ్యమే. ఇక 1841లో జాన్ గోఫ్ రాండ్ పేటెంటు తీసుకున్న తగరం ట్యూబు లేకపోతే కిటికీ దగ్గరో, నది ఒడ్డునో కూర్చుని ఇంత వేగంగా వేయడం ఎవరివల్లా అయ్యేది కాదు.

రంగు పలచన చేయడానికి టర్పెంటైన్, కొంచెం లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె), పాత కాటన్ గుడ్డలు. గుడ్డలు బాగా ఎక్కువ పెట్టుకోండి, ఈ పనిలో కుంచెతో ఎంత వేస్తామో గుడ్డతో అంత తుడుస్తాం. కిటికీలు తెరిచి కూర్చోండి. పనయ్యాక లిన్‌సీడ్ ఆయిల్ అంటిన గుడ్డలను ముద్దచేసి చెత్తబుట్టలో పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే దానంతట అదే అంటుకుంటుంది కూడా. తీగ మీద విడివిడిగా ఆరేసి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి.

చేతికి అలవాటు చేసే పలక

నేరుగా బోర్డు మీదకు వెళ్లకండి. పనికిరాని ముక్క మీద అరగంట ఈ కసరత్తు చేయండి. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలను దీన్ని ఎగ్గొట్టనివ్వను.

మొదటిది రుద్దుడు. కుంచెకు అతి తక్కువ రంగు తీసుకుని, గుడ్డకు సగం తుడిచి, కాన్వాస్ మీద పక్కకు వాల్చి రుద్దాలి. నేత మిట్టలకు రంగు అంటి, పల్లాలు ఖాళీగా ఉంటాయి. దూరంనుంచి చూస్తే అది పొగలా ఉంటుంది. మంచు అంతా ఈ రుద్దుడే.

రెండోది లాగుడు. తడి రంగు మీద శుభ్రమైన కుంచె పెట్టి ఒకే దిక్కుకు లాగాలి. అంచు చెదిరి కింది రంగులో కలుస్తుంది. ఓడల నీడలు నీటిలో ఇలాగే దిగుతాయి.

మూడోది అదుముడు. చదును కుంచె నిండా రంగు తీసుకుని, కాన్వాస్‌కు ఆనించి, కొద్దిగా జరిపి, ఎత్తేయాలి. మొదలు దగ్గర వెడల్పు, చివర సన్నం. అల అంటే ఇది.

నాలుగోది పెట్టుడు. ఇది కష్టం. కుంచె కొనమీద గోరంత ముద్ద తీసుకుని, వెంట్రుకలు కాన్వాస్‌కు తగలకుండా రంగు మాత్రమే తగిలేలా పెట్టి, పైకి తీసేయాలి. నుదుట బొట్టు పెట్టేటప్పుడు వేలు ఎంత మెత్తగా ఆనుతుందో అంతే ఆనాలి. సరిగ్గా పడితే ముద్ద అంచుల్లో చిన్న గట్టు నిలుస్తుంది. పదిసార్లు పెడితే మొదట్లో రెండు కుదురుతాయి. పదిలో ఏడు కుదిరేదాకా సూర్యుడి జోలికి వెళ్లవద్దు.

పలచటి పూత

బోర్డు మీద గీతలు పెన్సిల్‌తో వద్దు. కోబాల్ట్ బ్లూలో టర్పెంటైన్ బాగా కలిపి, టీనీళ్లంత పలచగా చేసి, గుండ్రటి కుంచెతో చోట్లు మాత్రం గుర్తుపెట్టండి: నీరు ఆకాశం కలిసే చోటు మధ్యగీతకు కొంచెం పైన, సూర్యుడు పై సగంలో మధ్యకు కుడివైపు, పడవలు మూడు. కొయ్యలకు నాలుగైదు నిలువు గీతలు. అంతే.

ఇప్పుడు అసలు పూత. ప్యాలెట్ మీద అల్ట్రామరైన్, తెలుపు, చిటికెడు వెర్మిలియన్ కలపండి. ఎరుపు నీలాన్ని చంపి బూడిదరంగు చేస్తుంది. దీన్నే మూడు కుప్పలుగా విడదీయండి. ఒకదానికి కొంచెం విరిడియన్ కలిపితే నీటికి పనికొస్తుంది. రెండోదానికి ఇంకాస్త వెర్మిలియన్, తెలుపు కలిపితే ఆకాశంలో వెచ్చటి చోటికి. మూడోది అలాగే ఉంచండి. మూడూ ముదురులో సమానంగా ఉండాలి, రంగులోనే తేడా. ఈ సమానత్వం తప్పితే మంచు చెదిరిపోయి మబ్బులు తేలుతాయి.

టర్పెంటైన్ కొద్దిగా కలిపి 10 నంబరు కుంచెతో రుద్దండి. ఆకాశంలో భుజం కదిలేలా ఏటవాలు ఊపులు. నీటికి రాగానే దిక్కు మార్చి అడ్డంగా. రెండూ కలిసే చోట గీత పడనివ్వకండి. ఈ బొమ్మలో దిగంతరేఖ దాదాపు కనబడదు. ఎక్కడ ఆకాశం అయిపోయి నీరు మొదలైందో స్ట్రోకుల దిక్కు మారడం వల్లే తెలుస్తుంది. గీత గీయకుండా నడక మార్చి రెండు లోకాలను విడదీయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పూత అయ్యాక గుడ్డ వేలికి చుట్టుకుని సూర్యుడు వచ్చే చోటా, దాని కింద నీటిలో ప్రతిబింబం పడే దారిలో నాలుగైదు చోట్లా రంగు తుడిచేయండి. దీని అవసరం తరవాత తెలుస్తుంది.

ఆయిల్ రంగుల్లో పాత నియమం ఒకటుంది: నూనె తక్కువున్నది కింద, ఎక్కువున్నది పైన. ఈ మొదటి పూతలో లిన్‌సీడ్ ఆయిల్ కలపకండి. కింది పొర జిడ్డుగా ఉండి పైది ముందు ఆరిపోతే కొన్నేళ్లకు పగుళ్లు వస్తాయి.

ఓడలు, కొయ్యలు, పొగ

పావుగంట ఆగండి. టర్పెంటైన్ ఆవిరై పూత జిగటగా అవుతుంది. ఆ జిగట మీద వేసిన స్ట్రోక్ పూర్తిగా కలవదు, పూర్తిగా విడిగానూ ఉండదు. మనకు కావలసింది అదే.

ఇంకాస్త ముదురు నీలం బూడిద కలుపుకుని 4 నంబరు చదును కుంచెను అంచు మీద నిలబెట్టి కొయ్యలను పైనుంచి కిందికి ఒక్క లాగుడులో వేయండి. గీత మధ్యలో తెగితే తెగనివ్వండి, మళ్లీ కలపకండి. మంచులో కొయ్య ఒకచోట కనబడి ఒకచోట మాయమవుతుంది. ఓడల దేహాలకు ఆకారం ఇవ్వకుండా నాలుగు అడ్డ అదుముళ్లు చాలు. తరువాత శుభ్రమైన పొడి కుంచెతో వాటి అడుగు అంచును నీటిలోకి మెల్లగా లాగండి. పొగకు రుద్దుడు. ఎడమవైపున్న పొగగొట్టాల నుంచి ఒకే వైపుకు వాలుతున్నట్టు వేయండి. రేవులో గాలి ఒకటే కదా, పొగలన్నీ ఒకే మాట చెప్పాలి.

ఇక్కడ టెన్షన్ పడి ఎక్కువ దిద్దేస్తారు. ఓడలు ఓడల్లా లేవు, అవి క్రేన్లో కర్రలో తెలియడం లేదు అనిపిస్తుంది. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో ఫొటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలో మోనే, మిత్రులు సొంతంగా పెట్టుకున్న ప్రదర్శనలో ఈ బొమ్మను చూసి లూయి లెరోయ్ అనే విమర్శకుడు అన్నదీ ఇంచుమించు అదే. గోడలకు అతికించే కాగితం తొలి దశలో ఉన్నా ఈ సముద్రం బొమ్మకన్నా పూర్తయినట్టుంటుందని వెక్కిరించాడు. ఇంప్రెషనిస్టులు అన్న పేరు నిలిచిపోయింది ఆ వ్యాసం నుంచే. క్యాటలాగు కోసం పేరు అడిగితే ‘లె హావ్ర్ దృశ్యం’ అనడానికి వీల్లేదని మోనేకే తెలుసు, అందుకే ‘ఇంప్రెషన్ అని పెట్టండి’ అన్నాడు. కాబట్టి ఓడలు గుర్తుపట్టేలా లేవని బెంగ పడకండి. మూడు అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. అక్కడినుంచి రేవులా కనబడితే చెయ్యి తీసేయండి.

నీరు

నీటికి సూత్రం చెప్పడం తేలిక, చేయడం ఓపిక. దూరంలో స్ట్రోకులు సన్నం, పొట్టి, దగ్గరదగ్గర. మన వైపు వచ్చేకొద్దీ వెడల్పు, పొడవు, మధ్యలో ఖాళీలు. కింది పూతను ఆ ఖాళీల్లోంచి కనబడనివ్వాలి. అది కూడా నీరే. ఖాళీలన్నీ పూడ్చేస్తే నీరు సిమెంటు గచ్చులా బిగుసుకుపోతుంది.

రంగు ఆకుపచ్చ నీలం. కింది అంచుకు వచ్చేసరికి విరిడియన్ ఎక్కువ, తెలుపు తక్కువ. 6 నంబరు కుంచెతో అదుముళ్లు. ప్రతి అదుముడుకూ కుంచె ఎత్తాలి. లాగుతూ పోకూడదు. నేను మనసులో లెక్కపెట్టుకుంటాను: అదుము, జరుపు, ఎత్తు. అదుము, జరుపు, ఎత్తు. ఇరవై పడ్డాక కుంచె తుడిచి రంగు కొంచెం మార్చుకుంటాను. ఒకే కుప్పలోంచి వంద స్ట్రోకులు వేస్తే నీళ్లు గళ్లచీరలా ఒకే తీరులో కనబడతాయి. రెండు స్ట్రోకుల మధ్య దూరం, పొడవు, ఏటవాలు ఏవీ సరిగ్గా సమానంగా ఉండకూడదు.

దగ్గరి అలలకు రంగు కొంచెం చిక్కగా ఉండవచ్చు. కానీ ఇక్కడే ముద్దలు పెట్టేయకండి, చిక్కదనాన్ని ఇంకా దాచుకోవాలి.

పడవ

పెద్ద పడవకు నేను లెక్కపెట్టుకున్నది తొమ్మిది స్ట్రోకులు. అల్ట్రామరైన్, విరిడియన్, అలిజరిన్ కలిపితే దాదాపు నలుపు వస్తుంది, కానీ ఊపిరున్న నలుపు. పడవ దేహానికి రెండు అడ్డ లాగుళ్లు. నిలబడ్డ మనిషికి రెండు, కూర్చున్న మనిషికి రెండు. తెడ్డుకు ఒక్క ఏటవాలు గీత. మిగతా రెండు కింద నీటిలో నీడకు. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా ముదురు చోటు ఇదే, కాబట్టి సంకోచం లేకుండా వేయాలి. రెండో పడవకు ఇదే రంగులో బూడిద కుప్పను సగానికి సగం కలపండి. మూడోదానికి మూడొంతులు. ఒకే పడవ మంచులోకి వెళ్లిపోతున్నట్టు ఉంటుంది.

సూర్యుడు

నా దృష్టిలో పాఠమంతా ఇక్కడే ఉంది.

ముందు ఒక చిత్రమైన సంగతి. ఆ బొమ్మ ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. హార్వర్డ్‌లో న్యూరోబయాలజిస్టు మార్గరెట్ లివింగ్‌స్టన్ దీని గురించి వివరించారు. ఆ నారింజ బిళ్ల చుట్టూ ఉన్న బూడిదరంగుతో వెలుగులో సమానం, రంగులోనే వేరు. మన మెదడులో వెలుగు నీడల్ని బట్టి చోటునూ కదలికనూ పట్టుకునే భాగానికి రంగు తెలియదు, దానికి సూర్యుడు కనబడడు. రంగు చూసే భాగానికి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడతాడు. ఈ రెంటికీ పొత్తు కుదరక సూర్యుడు ఒకచోట నిలవనట్టు, కొట్టుకుంటున్నట్టు అనిపిస్తాడు.

మనం ఏం చేస్తామంటే, సూర్యుడు కదా అని తెలుపూ పసుపూ కలిపి మెరిసిపోయేలా వేస్తాం. అప్పుడు అది గుడ్డులో సొనలా కూర్చుంటుంది గానీ మంచులో సూర్యుడిలా ఉండదు. కాబట్టి వెర్మిలియన్‌లో లెమన్ ఎల్లో కలిపి నారింజ చేసుకోండి. దాన్నీ ఆకాశపు బూడిదనూ ప్యాలెట్ మీద పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. రెండూ కలిసిపోయేదాకా సర్దండి. నారింజ వెలుతురుగా ఉంటే వెర్మిలియన్ వేయండి, ముదురుగా ఉంటే పసుపు. నాకు మొదటిసారి ఏడు ఫొటోలు పట్టాయి.

తరవాత ఆ రంగును పాత వార్తాపత్రిక ముక్క మీద ఇరవై నిమిషాలు పెట్టి ఉంచండి. కాగితం అదనపు నూనెను పీల్చుకుంటుంది, చుట్టూ జిడ్డు మరక పాకుతుంది. విద్యార్థులకోసం చేసే చవక రంగుల్లో నూనె ఎక్కువ, అవి కాన్వాస్ మీద నిలవకుండా జారి చదునైపోతాయి. నూనె లాగేసిన రంగు వెన్నలా కాకుండా గట్టి మీగడలా నిలబడుతుంది. కుంచె జాడ అచ్చంగా ఉంటుంది.

ఇప్పుడు పెట్టుడు. తుడిచి ఉంచుకున్న చోట సూర్యుణ్ని ఒకటి లేదా రెండు తాకుళ్లలో పెట్టండి. ప్రతిబింబానికి 4 నంబరు కుంచెతో అడ్డంగా, ముక్కలు ముక్కలుగా, ఒకదాని కింద ఒకటి. పైన పొట్టివి, కిందికి వచ్చేకొద్దీ విడివిడిగా, కొంచెం పక్కకు జరుగుతూ. వీటిలో రెండు మూడింటికి చిటికెడు తెలుపు కలపవచ్చు. ఒక స్ట్రోక్ వేయగానే కుంచె గుడ్డకు పూర్తిగా తుడిచి, మళ్లీ కొత్త రంగు తీసుకోవాలి. ఇందులో రాజీ లేదు.

ఎందుకో మా మేనకోడలు వేసినప్పుడు కళ్లారా చూశాను. మూడో స్ట్రోక్ దాకా చక్కగా వచ్చింది. నాలుగోది కాస్త వంకరపోయింది.

“మామయ్యా, దీన్ని కొంచెం సరిచేయనా?”

“వద్దు తల్లీ. చెయ్యి తియ్యి.”

“ఒక్కసారే.”

అదే కుంచె అదే చోట ఇంకోసారి ఆనింది. కింది నీలం వెంట్రుకలకు అంటుకుంది. వెలుగుతున్న నారింజ అక్కడికక్కడే బురదరంగైపోయింది. కంగారుగా మూడోసారి దిద్దింది, బురద పక్కకు పాకింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నారింజకూ నీలానికీ పక్కపక్కన ఉన్నంతసేపే స్నేహం. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి, కలిపితే ఒకదాన్నొకటి ఆర్పేస్తాయి.

బాగు చేయడం కష్టం కాదు, కానీ పద్ధతి ఉంది. కుంచెతో దిద్దకండి. ప్యాలెట్ నైఫ్ (రంగులు కలిపే మొద్దు కత్తి) కొనతో ఆ బురద ముద్దను పూర్తిగా ఎత్తేయండి. గుడ్డకు చుక్క టర్పెంటైన్ తడిపి ఆ చోటు కాన్వాస్ కనబడేదాకా ఒత్తి తీయండి. పది నిమిషాలు ఆగి, కొత్త కుంచెతో కొత్త రంగు పెట్టండి. ఆమె అలాగే చేసింది. ఆ నాలుగో స్ట్రోకే ఇప్పుడు ఆ బొమ్మలో అన్నిటికన్నా బాగుంటుంది.

ఈ చిక్కటి రంగు పని ఎలా చేస్తుందో గమనించండి. పలచటి పూత వెలుతురును మింగేసి వెనక్కి జరుగుతుంది. చిక్కటి స్ట్రోక్ గట్టుకు గదిలో వెలుతురు తగిలి పై అంచు మెరుస్తుంది, కింది అంచున వెంట్రుకంత నీడ పడుతుంది. అంటే నీటి మీద ఎండ పొడను రంగుతో చూపించడమే కాదు, ఆ చోట మీ గది వెలుతురు నిజంగానే తళుక్కుమంటుంది. బొమ్మ అంతా ముద్దలే అయితే అన్నిచోట్లా తళుకే, ఎక్కడా ఎండ ఉండదు.

చివరగా ఆకాశంలో సూర్యుడి పైభాగాన, అదే నారింజను దాదాపు పొడి కుంచెతో రెండు మూడు ఊపులు రుద్దండి. కింద చిక్కగా ఉన్న రంగే పైన ఊపిరంత పలచగా కనబడితే బొమ్మ ఒకటిగా కలుస్తుంది.

ఆరబెట్టడం

పలచటి భాగాలు కొన్ని రోజుల్లో తాకగలిగేలా అవుతాయి. సూర్యుడూ ప్రతిబింబమూ పైకి ఆరినట్టున్నా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటాయి. వేలితో నొక్కి చూడకండి, ఆ గట్టు విరిగితే మళ్లీ రాదు. మన వానాకాలంలో ఇంకా ఆలస్యం, పైగా తేమకు బూజు పడుతుంది. గాలి ఆడే గదిలో, గోడకు కొంచెం ఎడంగా నిలబెట్టండి. వార్నిష్ ఆరు నెలలకు ముందు వద్దు. వేసినా మరీ మెరిసేది వద్దు. పలచటి చోట్ల మెరుపు వస్తే మంచు పోయి ప్లాస్టిక్ పరదాలా ఉంటుంది.

ఆ తరవాత మన రేవు

ఒకసారి కాపీ చేశాక అదే పనిని సొంత కళ్లతో చూసినదానికి వాడాలి. విశాఖ ఫిషింగ్ హార్బర్, కాకినాడ, నిజాంపట్నం, మచిలీపట్నం, మీకు ఏది దగ్గరైతే అది. చలికాలంలో తెల్లవారుజామున వెళ్లండి. విశాఖలో నేవీ ప్రాంతం ఉంది కాబట్టి ఎక్కడ కూర్చోవచ్చో ముందే కనుక్కోండి. బోట్ల మధ్య, చేపల వేలం జరిగే చోట కాకుండా దూరంగా, నీరూ బోట్లూ ఒకే చూపులో అందే చోటు ఎంచుకోండి.

లె హావ్ర్ నవంబర్ వేరు, మన జనవరి వేరు. మన దగ్గర మంచు త్వరగా విడిపోతుంది, పొద్దెక్కిన కాసేపటికే ఎండ తెల్లబడి నీడలు గట్టిపడతాయి. అందుకని బూడిదరంగు కుప్పలు మూడూ ఇంట్లోనే కలిపి చిన్న డబ్బాల్లో పట్టుకెళ్లండి. అక్కడ కలపాల్సింది నారింజ ఒక్కటే. మన బోట్లకు ముదురు నీలం, ఎరుపు, పసుపు రంగులుంటాయి. దగ్గరి బోటుకు ఒక్కదానికే ఆ రంగు ఇచ్చి, మిగతావాటిని మంచుకు వదిలేయండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీ చూపులో ఉంటే దాన్ని రుద్దుడుతోనే ముగించండి, ఒక్క చిక్కటి స్ట్రోక్ కూడా దానికి ఇవ్వకండి.

బోర్డు ఎనిమిది బై పది అంగుళాలకు మించవద్దు. సంచిలో ఒకటి కాకుండా మూడు పెట్టుకోండి. మొదటిది సగంలో ఉండగానే వెలుతురు మారిపోతుంది. దాన్ని పక్కన పెట్టి, మారిన వెలుతురుకు రెండోది మొదలుపెట్టండి.